జడ్జిగారు పాపను తీసుకురమ్మన్నారు, ఏం చెప్పి తీసుకెళ్లాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. పాపకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. రెండేళ్లుగా మీ పుట్టింట్లో మీ దగ్గరే ఉంటోంది. విడాకుల కేసు నడుస్తుండగానే పాప కస్టడీ కోసం మీ వారు ఇంకో పిటిషన్ వేశారు. వచ్చే నెల వాయిదాకి పాపను తీసుకురమ్మని జడ్జిగారు చెప్పారు. "ఏం చెప్పాలో ఇప్పట్నుంచే నేర్పించు" అని మీ అన్నయ్య అంటున్నారు. "పసిదాన్ని కోర్టు మెట్లు ఎక్కించడమేంటి" అని మీ అమ్మగారు బాధపడుతున్నారు. నాన్న దగ్గరికి వెళ్తానని పాప ఒక్క మాట అంటే అక్కడికక్కడే పంపించేస్తారేమోనని మీకు టెన్షన్.

ముందు నేరుగా జవాబు చెప్తాను. పంపించేయరు. పాప చెప్పిందే తీర్పు కాదు. అలాగని మాటవరసకి అడిగి వదిలేసేది కూడా కాదు, పాప మాటకి బరువు ఉంటుంది. ఇక నేర్పించడం సంగతి అంటారా, దయచేసి ఆ పని చేయకండి. దానివల్ల కేసులో మీకు నష్టం, ఇంట్లో పాపకి అంతకంటే నష్టం.

నేను ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలర్‌గా పద్దెనిమిదేళ్లు పనిచేసి మానేశాను. లాయర్ని కాను. చట్టం గురించి నేను చెప్పేది మీ లాయరుగారితో ఒకసారి సరిచూసుకోండి. పిల్లల గురించి చెప్పేది మాత్రం నా కళ్లముందు జరిగింది.

పిల్లల్ని అడగడానికి ఇన్నేళ్లు నిండాలన్న లెక్క చట్టంలో లేదు. అన్ని మతాలవాళ్లకీ వర్తించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్లో ఒక వాక్యం ఉంది. తన ఇష్టాన్ని తెలివిగా చెప్పగలిగే వయసు పిల్లలకి ఉంటే కోర్టు ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు అని. 'తీసుకోవచ్చు' అనే ఉంది, 'తీసుకోవాలి' అని లేదు. 1955 హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ పిల్లల కస్టడీ, చదువు, పోషణ విషయాల్లో వీలైనంతవరకు వాళ్ల ఇష్టానికి తగ్గట్టు ఉత్తర్వులు ఇవ్వమంటుంది. వీటన్నిటి మీదా, హిందూ పిల్లల సంరక్షణ గురించిన 1956 హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టంలోని 13వ సెక్షన్ ఉంది: అన్నిటికంటే పిల్లల క్షేమమే ముఖ్యం. అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని కూడా అదే 1956 చట్టం చెప్తుంది. కానీ మీ పాప ఆ వయసు దాటింది. కాబట్టి "నేను తల్లిని, పాప నాదే" అన్న ఒక్క మాట మీద కేసు నిలబడదు. ఇది మీకు చేదుగా ఉంటుందని తెలుసు.

మీ అమ్మగారి మాటకి కూడా జవాబు చెప్పాలి. ఆవిడ బాధలో న్యాయం ఉంది. కోర్టు వరండా పిల్లలు ఉండాల్సిన చోటు కాదు. అయితే 'పసిదానికేం తెలుసు' అన్నచోట మాత్రం నేను ఒప్పుకోను. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు గానీ, తల్లిదండ్రులు విడిపోయిన ఇంట్లో ఆ దెబ్బ ముందు తగిలేది పిల్లకాకికే. 1989లో ఐక్యరాజ్యసమితి చేసిన బాలల హక్కుల ఒప్పందంలో మన దేశం 1992 డిసెంబరులో చేరింది. అందులో 12వ అధికరణం ఉంది: తనకు సంబంధించిన ప్రతి విషయంలోనూ పిల్లలకి తమ మాట చెప్పుకునే హక్కు ఉంది, వయసుకీ పరిణతికీ తగ్గట్టు ఆ మాటకి విలువ ఇవ్వాలి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కూడా మూడో సెక్షన్లో దాదాపు ఇదే చెప్తుంది. దత్తత వెళ్లే పిల్లలకి అయిదేళ్లు నిండితే వాళ్ల సమ్మతి కూడా తీసుకోవాలి. అయిదేళ్ల పిల్లల సమ్మతి అడుగుతున్నప్పుడు తొమ్మిదేళ్ల పాపను పలకరించడంలో వింతేముంది?

ఆ ఒప్పందం గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఒకటుంది. మాట్లాడటం పిల్లల హక్కే గానీ బాధ్యత కాదు. బాలల హక్కుల కమిటీ 2009లో ఇచ్చిన వివరణలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. మీ పాప ఏమీ చెప్పకుండా కూర్చున్నా తప్పు లేదు. ఈ విషయం ముందుగా పాపకి తెలియాలి, మీకూ తెలియాలి.

పిల్లల మాటకి ఎంత బరువుంటుందో తెలియాలంటే సుప్రీంకోర్టు చూసిన రెండు కేసులు చెప్తాను. మొదటిది 2008లో. తల్లి చనిపోయిన ఆరేళ్ల బాబు అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరుగుతున్నాడు. బాబును తండ్రికి అప్పగించమని కింది కోర్టులు చెప్పాయి. సుప్రీంకోర్టు జడ్జీలు బాబును ఛాంబర్‌లోకి, అంటే కోర్టు హాలు కాకుండా తమ సొంత గదిలోకి పిలిచి మాట్లాడారు. నాన్న దగ్గరికి వెళ్లనని తేల్చి చెప్పాడు. ఆ మాటతోపాటు, భార్య మరణం విషయంలో తండ్రి మీద నడుస్తున్న క్రిమినల్ కేసును కూడా చూసి, కింది తీర్పులు పక్కన పెట్టి బాబును అక్కడే ఉంచారు.

రెండోది 2017లో. రెండేళ్లు కూడా నిండకముందు నుంచి తండ్రి దగ్గరే పెరిగిన పాప. కేసు సుప్రీంకోర్టుకి వచ్చేసరికి పాపకి ఎనిమిదేళ్లు. నాన్న దగ్గరే ఉంటానంది. కోర్టు ఆ మాట విన్నది, కానీ ఒప్పుకోలేదు. తల్లి దగ్గర ఉండటం ఎలా ఉంటుందో ఎరగని పిల్ల ఇద్దరినీ పోల్చి ఎలా చెప్పగలదని అడిగింది. పాపను తల్లి దగ్గరికి పంపమంది.

ఈ రెండో కేసు మీరు జాగ్రత్తగా చదవాలి. మీ ప్రశ్నలో ఒక మాట నాకు గుచ్చుకుంది. "ఆయన వచ్చినా పాప బయటికి రాదు, మేమూ బలవంతపెట్టలేదు" అని రాశారు. రెండేళ్లలో పాప నాన్నతో గడిపింది ఎంతసేపు? ఏమీ లేకపోతే, రేపు పాప "నాన్న వద్దు" అన్నా ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందని జడ్జిగారికి అనుమానం వస్తుంది. ఆయన చెయ్యి చేసుకునే మనిషో, పాపకి ఆయన వల్ల నిజంగా ప్రమాదం ఉందో అయితే అది వేరే సంగతి. అప్పుడది మీ లాయరుగారు కాగితం మీద పెట్టాలి. అలాంటిదేమీ లేకుండా మీ ఇద్దరి కోపం వల్లే రాకపోకలు ఆగిపోయి ఉంటే, వాయిదా కంటే ముందే వారానికి రెండు ఫోన్లు, ఒక ఆదివారం పూట కలవడం మొదలుపెట్టండి. కేసు కోసం మాత్రమే చెప్పడం లేదు ఈ మాట.

ఇప్పుడు మీ అన్నయ్య చెప్పిన దాని సంగతి.

ఏడేళ్ల బాబు ఒకడు నా గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే గడగడా అప్పజెప్పాడు: "మా నాన్న మద్యం సేవించి వచ్చి అసభ్య పదజాలంతో దూషిస్తారు, మా పోషణ బాధ్యత విస్మరించారు." ఏడేళ్ల పిల్లాడు 'మద్యం సేవించి' అంటాడా? 'తాగొస్తాడు' అంటాడు. అది పిటిషన్ భాష. ఎవరో పిటిషన్ ముందు పెట్టుకుని బట్టీ పట్టించారు. విషాదం ఏమిటంటే ఆ తండ్రి నిజంగానే తాగొచ్చేవాడు, ఆ సంగతి తర్వాత వేరే దారుల్లో తేలింది. కానీ బాబు నోటి నుంచి వచ్చిన నిజం ఆ రోజు అబద్ధంలా వినిపించింది. ఎందుకు భయమేస్తుందో చెప్పమని అడిగితే బాబుకి పాఠం అయిపోయింది, ఇంకేమీ రాలేదు. తలుపు వైపు చూశాడు. అమ్మ బయట నిలబడి ఉంది.

నేర్పిన మాటలు పట్టుకోవడం ఈ పనిలో ఉన్నవాళ్లకి కష్టం కాదు. పిల్లల వాక్యాలు తిన్నగా ఉండవు. మధ్యలో ఇంకేదో చెప్తారు, కుక్కపిల్ల గురించో, స్కూల్లో ఎవరో గిచ్చిన దాని గురించో. వాక్యాలన్నీ వరసగా, కారణాలతో సహా వచ్చాయంటే పెన్ను కింద పెట్టేసేదాన్ని.

అడిగే తీరు కూడా చెప్పాలి, మీ భయం కొంత తగ్గుతుంది. "అమ్మ కావాలా, నాన్న కావాలా" అని అనుభవం ఉన్న జడ్జిగారు అడగరు. ఇంటికొచ్చిన చుట్టాలు సరదాకి అడిగే ప్రశ్న అది. ("అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా" అని మనందరం అడిగించుకున్నవాళ్లమే. ఈ రోజుల్లోనైనా ఆ సరదా మానేస్తే బాగుండు.) పొద్దున ఎవరు లేపుతారు, జడ ఎవరు వేస్తారు, హోంవర్క్ రాకపోతే ఎవరిని అడుగుతావు, స్కూల్లో మీటింగుకి ఎవరొస్తారు, ఇలా పోతాయి ప్రశ్నలు.

ఆరేళ్ల బాబు ఒకడు "నాన్న దగ్గరికే వెళ్తా" అని పట్టుబట్టాడు. కలిసిన ప్రతి ఆదివారం బిర్యానీ, ఆటల కోసం ఫోను, చివర్లో కొత్త సైకిలు. ఆ వయసులో నేనైనా అదే చెప్పేదాన్ని. జడ్జిగారు నవ్వి, "జ్వరం వస్తే పక్కన ఎవరు పడుకుంటారు?" అని అడిగారు. బాబు వెంటనే "నానమ్మ" అన్నాడు. అమ్మా కాదు, నాన్నా కాదు. ఇద్దరూ ఉద్యోగాలకి పోతే పెంచింది నానమ్మ. మొత్తం కేసులో ఆవిడ పేరు ఎక్కడా లేదు. చివరికి కస్టడీ తల్లికే వచ్చింది, కానీ వారాంతాలు ప్రత్యేకంగా నానమ్మ ఇంట్లో గడిపేట్టు ఉత్తర్వు వచ్చింది. ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే బాబుకి అసలు మనిషి దూరమైపోయేది.

పన్నెండేళ్ల అమ్మాయి కేసు ఇంకోటి. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ నోరు విప్పలేదు. నాలుగోసారి నేనేమీ అడక్కుండా ఊరికే కూర్చున్నాను. కాసేపటికి తనే అడిగింది: "మేడం, వాయిదాలు స్కూలు లేని రోజు పెట్టరా? ప్రతిసారీ నాకు యూనిట్ టెస్ట్ పోతోంది." అంతే. ఎవరి దగ్గర ఉండాలన్నది తనకి పెద్ద విషయం కాదు, ఇద్దరిళ్లూ ఒకే ఊళ్లో ఉన్నాయి. స్కూలు మారకూడదు, డాన్సు క్లాసు మానిపించకూడదు, క్లాసులో ఎవరికీ ఈ గొడవ తెలియకూడదు. ఆ అమ్మాయికి కావాల్సినవి ఈ మూడే. రెండేళ్లు నడిచిన కేసులో ఈ మూడూ ఒక్క కాగితంలోనూ లేవు. మీ పాపకి కూడా ఇలాంటివి ఉంటాయి. మీరు ఊహించినవి మాత్రం అయ్యుండవు.

నా తప్పు కూడా చెప్పకపోతే ఈ సమాధానం నిజాయితీగా ఉండదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పదేళ్ల పాప, "ఇది అమ్మకి చెప్తారా?" అని అడిగింది. "చెప్పనమ్మా, మనిద్దరి మధ్యే" అన్నాను. నాన్న రెండో భార్య తనని బాగా చూసుకుంటుందనీ, అక్కడ ఉండటం ఇష్టమేననీ చెప్పింది. కోర్టు రిపోర్టు అడిగింది, రాశాను. రిపోర్టు ఇద్దరు లాయర్ల చేతుల్లోకీ వెళ్తుంది, అక్కడినుంచి ఇళ్లలోకి వెళ్తుంది. తర్వాత వాయిదాకి వచ్చినప్పుడు ఆ పాప నా వైపు చూడలేదు. "మీరు చెప్పనన్నారుగా" అని ఒక్క మాట అని గోడ వైపు తిరిగింది. అప్పట్నుంచి ఏ బిడ్డకీ ఆ మాట ఇవ్వలేదు. "నువ్వు చెప్పిందాంట్లో కొంత నేను జడ్జిగారికి చెప్పాల్సి వస్తుంది, ఏది చెప్పాలో ఎలా చెప్పాలో మనిద్దరం కలిసి అనుకుందాం" అని ముందే చెప్పేదాన్ని. మీరు కూడా ఇంట్లో "నాతో చెప్పు, ఎవరికీ చెప్పను" అని పాపకి మాట ఇవ్వకండి.

సరే, పాపకి ఏం చెప్పి తీసుకెళ్లాలన్నది మీ అసలు ప్రశ్న. వాయిదాకి రెండు రోజుల ముందు, అన్నం తినేటప్పుడో జడ వేసేటప్పుడో, మామూలు గొంతుతో చెప్పండి. వారం ముందు చెప్తే వారమంతా నలుగుతుంది, ఆ పొద్దున చెప్తే బెదిరిపోతుంది. ఇంచుమించు ఇలా:

"అమ్మా నాన్నా వేరువేరు ఇళ్లల్లో ఉంటున్నాం కదా. నువ్వు ఎక్కడ ఎలా ఉంటే బాగుంటుందో జడ్జిగారు ఆలోచించి చెప్తారు. అందుకే నీతో ఒకసారి మాట్లాడతారట. నీకు తెలిసింది చెప్పు. తెలియకపోతే తెలియదను. చెప్పాలని లేకపోతే చెప్పనని అనొచ్చు. నువ్వేం చెప్పినా నాకు కోపం రాదు, నాన్నకీ రాదు. నిర్ణయం జడ్జిగారిది, నీది కాదు."

ఆఖరి వాక్యం తప్పకుండా చెప్పాలి. చాలామంది పిల్లలు తమ ఒక్క మాటతో అమ్మో నాన్నో జైలుకి పోతారని నమ్ముతారు. నవ్వకండి, కోర్టు అంటే సినిమాల్లో చూసేది అదే కదా. మీ గొంతులో వణుకు ఉంటే ఈ మాటలు మీరు కాకుండా పాపకి దగ్గరైన పిన్నిగానీ టీచరుగానీ చెప్పినా ఫర్వాలేదు.

ఆ రోజు సంగతి. మీ లాయరుగారితో ముందే ఒక మెమో, అంటే కోర్టుకి ఇచ్చే చిన్న కాగితం, వేయించండి: పాపతో ఛాంబర్‌లో మాట్లాడాలని, వీలైతే ఒక సమయం చెప్పాలని. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ కింద, కక్షిదారుల్లో ఎవరైనా కోరితే విచారణ నలుగురి మధ్య కాకుండా లోపల జరపాలి. అడగనివాళ్లకి ఇది తెలియక, పిల్లలు పదిన్నర నుంచి రెండున్నర దాకా బెంచీల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల గొడవలన్నీ వింటారు. కడుపునిండా టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి. మంచినీళ్లు, బిస్కెట్లు, బొమ్మల పుస్తకం వెంట ఉండాలి. బాత్రూం ఎక్కడుందో ముందే చూసిపెట్టుకోండి, కోర్టుల్లో అదో పెద్ద పరీక్ష. మీ అన్నయ్య కోపిష్టి అయితే ఆ రోజు ఆయన్ని ఇంట్లోనే ఉంచండి. వరండాలో మీ వారు ఎదురైతే పాప చెయ్యి గట్టిగా లాగకండి, పలకరిస్తే పలకరించనివ్వండి. పాప లోపలికి వెళ్లేటప్పుడు "ధైర్యంగా చెప్పు" అనకండి. ఆ ఒక్క మాట చాలు, ఏదో ఒకటి చెప్పి తీరాలని పాప అనుకోవడానికి.

బయటికి వచ్చాక "ఏం అడిగారు? ఏం చెప్పావు?" అని అడగకండి. ఇది అన్నిటికంటే కష్టమని తెలుసు. ఆటోలో కాదు, ఇంటికెళ్లాక కాదు, వారం తర్వాత కూడా కాదు. తనంతట తాను చెప్తే వినండి, "ఊఁ" అనండి, అంతే. మీ అమ్మగారిక్కూడా ముందే చెప్పి ఉంచండి, ఈ విషయంలో అమ్మమ్మల్ని ఆపడం తల్లుల్ని ఆపడం కంటే కష్టం.

ఒకవేళ పాప నిజంగానే నాన్న దగ్గర ఉంటానంటే? అప్పుడు జడ్జిగారు ఎందుకో వెతుకుతారు. స్కూలు, ఇల్లు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఆయన ఉద్యోగం వేళలు, రెండేళ్లుగా చూసుకుంటున్నది ఎవరు, ఇవన్నీ చూస్తారు. అవసరమైతే కౌన్సెలర్ని ఇంటికి పంపుతారు. ఉన్న ఊరు, బడి, అలవాటైన మనుషులు ఇవన్నీ మీ వైపున్న బలాలు, వాటిని పాప నోటితో చెప్పించాల్సిన పనిలేదు. స్కూలు ప్రోగ్రెస్ కార్డులు, డాక్టరు చీటీలు, ఫీజు రసీదులు మీ లాయరుగారికి ఇవ్వండి, అవి చెప్తాయి. నాన్నతో ఉండాలని పాప అనడం చాలాసార్లు "నాన్న గుర్తొస్తున్నాడు" అనడమే. దానికి మందు కస్టడీ మార్చడం కాదు, కలవనివ్వడం. 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో, పిల్లలు ఒకరి దగ్గర ఉన్నప్పుడు రెండోవాళ్లతో కలయికలే కాకుండా వీడియో కాల్స్ కూడా ఉండాలని చెప్పింది. మీ వైపు నుంచే అలాంటి ఏర్పాటు రాసి ఇస్తే కోర్టుకి మీ మీద నమ్మకం పెరుగుతుంది.

ఇంకొకటి, కస్టడీ ఉత్తర్వు రాతి మీద చెక్కింది కాదు. పిల్లల పరిస్థితి మారితే ఉత్తర్వునీ మార్చుకోవచ్చని 1973లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తులూ కారు, ఆటబొమ్మలూ కారు అన్నది కూడా ఆ తీర్పులోనే. పదమూడేళ్లకి మీ పాప ఇంకోలా కోరుకుంటే అప్పుడు మళ్లీ వినడానికి దారి ఉంది. అందుకని ఈ ఒక్క వాయిదాతో అంతా అయిపోతుందని నిద్ర మానుకోకండి.

మెమో గురించి ఈ వారంలోనే లాయరుగారితో మాట్లాడండి. వాయిదా రోజు పొద్దున వేస్తే అది జడ్జిగారి బల్ల మీదికి వెళ్లేసరికి మధ్యాహ్నం అవుతుంది, అప్పటికి పాప బెంచీ మీదే ఉంటుంది. వాయిదా స్కూలు ఉన్న రోజైతే ఆ రోజు పరీక్ష ఉందేమో కూడా చూసి, ఉంటే ఆ సంగతీ మెమోలో రాయించండి.